చెరపవద్దన్న లెక్క

ఆగస్టు 1968, బుధవారం

బస్సు దొరక్క నాంపల్లి బడి నుంచి ఆబిడ్స్ దాకా నడిచొచ్చాను. కాళ్లు లాగుతున్నాయి.

ఆ బడి పిల్లలకే మా మహిళా మండలి నడిపే సాయంత్రం క్లాసుకు సర్కారు గ్రాంటు ఇచ్చింది, బడి వాళ్లు గది ఇచ్చారు. బోర్డు మాత్రం ఇవ్వలేదు. లెక్కల సారు ఈరోజు కూడా బోర్డు నిండా భిన్నాల లెక్క చేసి, కింద ‘చెరపవద్దు’ అని రాసి వెళ్లిపోయారు.

చేసేది లేక ఆ లెక్కనే చెప్పమని పిల్లల్ని అడిగాను. ఎవరికీ రాలేదు. చివరికి యాదమ్మ, “సార్ చెప్పిన్రు టీచరమ్మా, మాకే సమజ్ గాలే,” అంది. వాళ్లకు పంచే బన్నునే సగాలుగా, పావులుగా కోసి చూపించాను. చీకటి పడేసరికి అందరికీ వచ్చింది.

ఏం చెప్పాలో ఇద్దరం కూచుని అనుకుందామని మొన్న అన్నందుకే సారు ముఖం ముడుచుకున్నారు. “నేను చెప్పేది చాలదా అమ్మా?” అన్నారు. ఆయన మాట హెడ్మాస్టరుకు వేదవాక్కు. ఆయన వద్దంటే గదికి తాళం పడుతుంది. గది లేకపోతే గ్రాంటూ ఉండదు.

గేటు దగ్గర యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. “రేపు సార్ అడిగితే లెక్క వచ్చిందని చెప్పాల్నా, వద్దా?”

చెప్పమన్నాను. ఎవరు నేర్పారంటే ఏమనాలో ఆ పిల్ల అడగలేదు. నేనూ చెప్పలేదు.