సబ్బు తాగిన కుండలు

అనంతపురం,
12 మార్చి 2003.

కుందుర్పి వెంకటప్పన్నకు, బస్టాండు వెనక మెస్సు నడిపే అజ్మతుల్లా సలాం చేసి రాసేది.

మీరు చేసి పంపిన పది పప్పు కుండలూ భద్రంగా దిగాయి. 'మట్టికుండ పప్పు' అని బోర్డు కూడా రాయించాను. మొదటి వారం జనం లొట్టలేసుకుంటూ తిన్నారు. ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టగానే ముఖం చిట్లిస్తున్నారు. పప్పు సబ్బు వాసన కొడుతోందన్నా. నిన్న ఒక గుమాస్తా, "ఏమప్పా, పప్పుతోనే నోరు కడిగించినావే, ఇంక నీళ్లెందుకు?" అని పదిమందిలో అనేశాడు.

బాగా ఆలోచించి కారణం కనిపెట్టాను. మీరు చాకిరేవు పక్కన మన్ను తవ్వారు. మీ ఊరి బట్టల మురికంతా నా పప్పులోకి వచ్చింది. దీనికి జవాబు రాయండి. లేకపోతే కుండలు తిరుగు లారీ ఎక్కుతాయి.

ఇట్లు,
గిరాకీ ముందు తలెత్తుకోలేని అజ్మతుల్లా.

తా.క.: ఆ గుమాస్తా మూడుసార్లు పప్పు వేయించుకున్నాకే ఆ మాట అన్నాడు.


కుందుర్పి,
18 మార్చి.

అజ్మతుల్లా సాబ్ గారికి వెంకటప్ప నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం, వాన ఒక్కటే ఇంకా రాలేదు.

మా చెరువులో మూడేళ్లుగా చుక్క నీళ్లు లేవు. నీళ్లు లేని చోట బట్టలు ఉతికే మొనగాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. ఆ మన్ను నేనే తవ్వి, జల్లించి, నానబెట్టాను. నేనూ మా ఇంటామె బయమ్మా కాళ్లతో తొక్కాం. చిన్న రాయి ఉన్నా పాదానికి తెలుస్తుంది, సబ్బు ఉంటే తెలియదా? సారె తిప్పేటప్పుడు ఈ కుండ ఎవరి పొయ్యి ఎక్కుతుందో అనుకుంటూ చేస్తాను. అలంకారానికి పెట్టుకునేవాళ్లకు నేను చేయను. మసి పట్టి నల్లబడిన కుండే నా కంటికి అందం.

మా బావమరిది పాపన్న బెంగుళూరులో నాకు వాచ్‌మన్ పని చూసిపెట్టాడు. మీ మెస్సులో పేరొస్తే ఇంకో నాలుగు మెస్సులవాళ్లు అడుగుతారని ఆగాను. కుండలు తిరిగొస్తే మాత్రం సారె అమ్మేసి బస్సెక్కుతాను. చాలా బాధతో రాస్తున్నాను.

ఇట్లు,
వెంకటప్ప.

తా.క.: అదే మన్ను ముద్ద ఒకటి పార్సిలు చేశాను. నాకి చూడండి.


అనంతపురం,
27 మార్చి.

వెంకటప్పన్నకు అజ్మతుల్లా సలాం.

మన్ను నాకాను. సబ్బు లేదు. మా ఆవిడ గౌస్‌బీ అది చూసి, ఈ వయసులో మీకు వేవిళ్లేమిటని పొద్దంతా నవ్వింది. మీ చెరువు మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంకో సంతోషం. ఇప్పుడు మీ కుండల్లో పప్పు బ్రహ్మాండంగా ఉంది. వాసన దానంతటదే పోయింది. మీరు సారె జోలికి పోవద్దు. వాచ్‌మన్ పనికి నిద్ర ఉండదు, మీ ఆరోగ్యం చెడుతుంది. నేను మా చెల్లెలి ఇంటి పెళ్లికి కదిరి పోతున్నాను, వారం దాకా రాను.

ఇట్లు,
మీ మేలు కోరే అజ్మతుల్లా.

తా.క.: మా శుభ్రత మీద అనుమానం వద్దు. మొదటి రోజు నుంచీ పూటపూటా కుండల నిండా సబ్బుపొడి నీళ్లు నానబెట్టించాను. వాసన మొదలయ్యాక పొడి రెట్టింపు చేశాను.


అనంతపురం, మీ మెస్సు,
2 ఏప్రిల్.

సాబ్ గారికి, మీరింకా కదిరి నుంచి రాలేదు గనక, మీ బల్ల మీదే కూర్చుని వెంకటప్ప రాసేది.

మీ తా.క. చదివి మొదటి బస్సు పట్టుకున్నాను. మట్టికుండ పోసినదంతా తాగుతుంది సాబ్. సబ్బు తాగిన కుండ పొయ్యి ఎక్కగానే సబ్బే కక్కుతుంది. అందులో పప్పు బ్రహ్మాండంగా ఉందంటే మీరు అబద్ధమైనా రాసి ఉండాలి, మీ నాలుకైనా చచ్చి ఉండాలి.

వచ్చి చూస్తే రెండు కుక్కర్లు విజిల్ వేస్తున్నాయి. నా కుండలు అటక మీద గుడ్డ కప్పుకుని ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే గౌస్‌బీ చెప్పింది: "నువ్వు సారె అమ్ముకుంటావని ఆయనకు బెంగ పట్టుకుందన్నా. ఎనక్కి పంపేదానికి మనసు రాలే. అందుకే దాచిపెట్టి, నీకు అబద్ధం రాసినాడు."

నా కుండలను మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు గానీ, నా కోసం అబద్ధమాడినవాళ్లు ఇంతవరకూ లేరు. నాకు ఏడుపొచ్చింది.

రెండు రోజులు ఇక్కడే ఉండి, అన్నింట్లో నీళ్లు మరగబెట్టి పారబోసి, గంజి కాచి, ఎండలో పెట్టాను. ఈ మధ్యాహ్నం గౌస్‌బీ వాటిలోనే వండింది. ఒంటిగంటకే పప్పు అయిపోయింది. ఇకమీద తోమడానికి బూడిద, కొబ్బరిపీచు చాలు.

ఇట్లు,
బెంగుళూరు రానని ఫోన్ చేసిన వెంకటప్ప.

తా.క.: తొమ్మిది కుండలే ఉన్నాయి, వెతకొద్దు. పదోది పొయ్యి మీంచి దించేటప్పుడు నా చేతిలోనే పగిలింది. గౌస్‌బీ అయ్యో అంది గానీ నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. వాడుకలో ఉన్నదే పగులుతుంది, పగిలితేనే నాకు పని. ఇంకో కుండ కావాలని వెంటనే ఒక కార్డు రాయండి. బయమ్మకు చూపించాలి, పాపన్న మాటకు తలూపి ఆమె అప్పుడే పెట్టె సర్దేసింది.