కోలం వీపు మీది మచ్చ

ఫిడెల్మా గారికి,

మా ఆయన కోలం వీపు మీది మచ్చ క్యాన్సరేనట. మొదట్లోనే దొరికింది కాబట్టి మొత్తం తీసేశారు, ప్రాణానికి భయం లేదన్నారు. అందుకు మీకు కృతజ్ఞతలు చెప్పాలి, చెబుతున్నాను.

డాక్టరమ్మ అతన్ని అడిగిన ప్రశ్నలకు జవాబులన్నీ నేనే చెప్పాను. ఎర్రజుట్టు, కాస్త ఎండకే కమిలిపోయే తెల్లటి ఒళ్లు, చిన్నప్పుడు గడ్డి కోతల్లో బొబ్బలెక్కిన భుజాలు, చొక్కా విప్పేసి ఇళ్ల పైకప్పులు వేసిన వేసవులు, వాళ్ల నాన్నకూ ఇదే జబ్బు రావడం, అన్నీ నాకు తెలుసు. చివర్లో ఆవిడ, "మరి ఈ మచ్చ మారుతోందని ముందు ఎవరు చూశారు? మీరేనా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే కోలం, "కాదండీ, నాతో సముద్రంలో ఈతకొచ్చే ఫిడెల్మా చూసింది. నల్లబడుతోంది, వెళ్లి చూపించుకోవయ్యా అని నా ప్రాణం తోడేసింది" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ వీపు పక్కన పడుకుంటున్నది నేను.

ఇకమీదట ఇంట్లోవాళ్లు ఒళ్లంతా చూస్తూ ఉండాలట. రోజూ లైటు కింద కూర్చోబెట్టి చూస్తున్నాను. "చాల్లేవే, చలేస్తోంది" అంటాడు. మీతో ఆ సముద్రంలో దిగితే చలేయదు కాబోలు.

ఈ శనివారం మీరు ఈతకు దిగే సాల్ట్‌హిల్ ఒడ్డుకు నేనూ వస్తున్నాను. నాకు ఈత రాదు. తువ్వాలు పట్టుకుని నిలబడతాను. నాకు కనపడనిది మీకేదైనా కనపడితే, అతనికి కాదు, ముందు నాకు చెప్పండి.

ఇట్లు,
కోలం భార్య