పది నంబరు స్పానరు

అయ్యా,

విషయం: నా అనుభవ ధ్రువపత్రముపై తమరు సంతకము చేయుటకు ముందు, ఏడవ నంబరు హెలికాప్టరు తోక విప్పించి చూడవలెనని ప్రార్థన.

తమ సైనిక యూనిట్‌లో పందొమ్మిదేళ్లు హెలికాప్టరు మెకానిక్‌గా పనిచేసి, ఎనిమిది నెలల క్రితం విరమణ పొంది, ప్రస్తుతం ఒక ప్రైవేటు హ్యాంగరులో సహాయకుడిగా ఉంటూ సదరు ధ్రువపత్రము జతచేస్తేనే వచ్చు పౌర విమానయాన లైసెన్సు కొరకు ఎదురుచూచుచున్న నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. విరమణకు పదకొండు రోజుల ముందు సదరు హెలికాప్టరు తోకలో పని చేసితిని. పని ముగిసిన పిమ్మట పనిముట్ల పెట్టెలో పది నంబరు స్పానరు గూడు ఖాళీగా కనబడినది. జేబులు, నేల, పెట్టెలు అన్నీ వెతికితిని, లేదు. ఒక్క పనిముట్టు తగ్గినా హెలికాప్టరు ఎగరరాదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ నియమం నేర్పింది నేనే.

2. చెబితే విచారణ. విచారణ అంటే విరమణ కాగితాలు ఆగుట. అవి ఆగితే బయటి ఉద్యోగం చేజారుట. ఇదంతా ఆలోచించి, భోజన విరామములో సైకిలేసుకుని బజారుకెళ్లి అలాంటిదే కొని, దానిపై మన యూనిట్ నంబరు నా చేత్తోనే చెక్కి గూట్లో పెట్టితిని. చెక్కుడు బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. ఛీ!

3. పనిముట్ల గది ఇన్‌ఛార్జి, "నీ పెట్టెకి లెక్కెందుకన్నా, నువ్వు పెట్టావంటే ఉన్నట్టే" అంటూ సంతకము చేసెను. అతని తప్పేమీ లేదు. మరునాడు ఆ హెలికాప్టరు ఆరుగురిని ఎక్కించుకుని వెళ్లినది. తోక ఫ్యాను తిప్పే కడ్డీల మధ్య స్పానరు ఇరుక్కుంటే దాన్ని క్షేమంగా దింపడం ఎవరి తరమూ కాదు. అది నాకు తెలుసు. తెలిసీ, తిరిగి వచ్చేదాకా హ్యాంగరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

4. అప్పటినుండి ప్రతి శనివారం ఇన్‌ఛార్జికి ఫోను చేసి, "ఏడో నంబరు ఎలా ఉంది?" అని అడుగుచున్నాను. "ఏంటన్నా, దానికేమైనా పిల్లనిచ్చావా?" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. అసలు సంగతి చెప్పకుండానే ఫోను పెట్టేస్తాను.

5. మొన్న ఇక్కడి హ్యాంగరులో ఒక సహాయకురాలు టార్చిలైటు మూత కనబడడం లేదని తనంతట తానే చెప్పినది. హెలికాప్టరు రెండు రోజులు ఆపి వెతికించారు. మా ఇన్‌స్పెక్టరమ్మ ఆ పిల్లను తిట్టలేదు సరికదా, టీ తెప్పించింది. "చెప్పింది కాబట్టి వెతుకుతున్నాం. చెప్పకపోతే ఎక్కడని వెతికేవాళ్లం?" అంది. నన్ను ఉద్దేశించి అనలేదు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది.

కావున ఈ కాగితము స్వయముగా తెచ్చి ఇచ్చుచున్నాను. ధ్రువపత్రము ఇచ్చుటయో మానుటయో తమ ఇష్టము. ముందు తోక చూడండి, సంతకం సంగతి తర్వాత. అప్పటిదాకా దాన్ని ఎగరనివ్వకండి, మీకు దండం పెడతాను.

మన్నించమని అడుగుట లేదు, చిత్తగించవలెను అని మాత్రమే అడుగుచున్నాను.

తమ విధేయుడు,
(ఆ ఒక్క రోజు తప్ప)
మాజీ మెకానిక్

తా.క.: కవరు కోసం మా ఆవిడ కుట్టుమిషను సొరుగు లాగితే, మన నంబరుతో సహా ఆ స్పానరు అందులో ఉంది!

"అదా? నువ్వొచ్చేసిన వారం, మూటగట్టి తెచ్చిన నీ పని బట్టలు ఉతుకుతుంటే దొరికింది. జేబు చిరిగి అస్తరులోకి జారింది. మిషను బోల్టు వదులైనప్పుడల్లా దాంతోనే బిగిస్తున్నా" అంది.

"మరి నాకు చెప్పవే!" అని అరిచాను.

"పోయిందని నువ్వు చెప్పావా నాకు?"

తర్వాత అర్జీ చదివి, "దొరికిందిగా, ఇంకెందుకిది? లైసెన్సు చేతికొచ్చే వేళ నీకేం పోయేకాలం, చింపెయ్" అంది. అబద్ధమెందుకు, సగం దాకా చింపాను. ఆ అతుకు తమకు కనబడుతూనే ఉంటుంది.

తోక విప్పనక్కరలేదు. గూట్లోంచి నేను చెక్కింది తీయించి, దీన్ని పెట్టించండి. మిగతా అర్జీ యథాతథం. స్పానరు పట్టుకుని తమ గది బయట బెంచీ మీద కూర్చున్నాను.

తోకలో ఏమీ లేదని నాకు తెలిసింది ఈ పొద్దున. ఆ ఆరుగురూ ఎక్కుతున్నప్పుడు ఉందనే అనుకున్నాను. అయినా ఎగరనిచ్చాను.