రాయకుండా ఉంచిన గుర్తు

మామయ్యకి నీ మేనకోడలు నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, నేను తప్ప. స్కూలు చదువు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఏమిటని నన్ను అడగనిది మా మెట్ల మీద పిల్లి ఒక్కటే. నీటి ఇంజనీరింగు చెప్పే కాలేజీకి దరఖాస్తు తెచ్చుకున్నాను. అందులో ‘మీ గురించి ఐదు వందల మాటల్లో వ్యాసం రాయండి’ అని ఉంది. మూడు వారాల నుంచి రాస్తున్నాను. ‘చిన్నప్పటి నుంచీ నాకు’ దగ్గరే ఆగిపోయాను. చిన్నప్పటి నుంచీ నాకేముందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

సీటు రాకపోతే నాన్న జిరాక్సు షాపులో కూర్చోవాలి. నాకోసం అక్కడ అప్పుడే స్టూలు వేసేశారు. దాని మీదకి మెత్త కూడా కుట్టించారు. ఆ మెత్తని చూస్తే ఏడుపొస్తోంది మామయ్యా.

మన వాళ్ళలో రాయడమే ఉద్యోగంగా ఉన్నది నువ్వొక్కడివే. స్టేషన్లో పోయిన సామాన్ల ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా రాస్తూనే ఉన్నావు కదా, ఇది కూడా రాసిపెట్టు.

ఇట్లు,
ఓపిక అయిపోయిన నీ మేనకోడలు

తా.క.: ఫోను ఎందుకు ఎత్తవు? అమ్మ నీ మీద కోపంగా ఉంది. నిన్న నీ ఫొటోని గోడ వైపు తిప్పి పెట్టింది.

*

అమ్మడుకి మామయ్య దీవెనలు.

నా అల్మరాలో జనం పోగొట్టుకున్న ఫోన్లు పద్నాలుగున్నాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతాయి. ఎత్తితే దొంగా అని తిడతారు, ఎత్తకపోతే ఇంకా పెద్ద దొంగా అని తిడతారు. అంతా అయ్యాక నా ఫోను ఎత్తే శక్తి నాకు ఉండదని అక్కకి చెప్పు. ఉత్తరంలో ఉన్న సుఖం ఏమిటంటే అది మోగదు.

నువ్వడిగింది రాశాను. ‘ఆడపిల్ల, ఒకటి. వయసు పదిహేడు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. రంగు చామనఛాయ. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. వాడినదే గాని మంచి స్థితిలో ఉంది. లోపల ఏముందో తెరిచి చూడలేదు.’

ఐదు వందల మాటలు ఎందుకో నాకు అర్థం కాలేదు. మొన్న తాళం వేసిన పియానో ఒకటి దొరికితే దానికి కూడా ఇంతే రాశాను.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: ఒకటి మాత్రం గుర్తుంచుకో. గుర్తులన్నీ బయట పెట్టకూడదు. గొడుగు దొరికితే మేము రంగు రాస్తాం, పిడి రాస్తాం, లోపలి కమ్మీకి కట్టిన ఎర్ర దారం సంగతి మాత్రం రాయం. రాశామా, వచ్చినవాడల్లా ‘అది నాదే’ అంటాడు.

*

మామయ్యకి నమస్కారాలు.

నన్నెవరైనా రైల్లో మర్చిపోయి దిగిపోయారా? ‘వాడినదే’ అన్న ముక్క చదివి అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. నీ ఫొటోని మళ్ళీ ఇటు తిప్పింది, అదొక్కటే లాభం.

చివరికి నేనే రాశాను. మా నాలుగో అంతస్తు కుళాయికి ఆరేళ్ళుగా నీళ్ళు రాకపోవడం, స్కూలుకి ముందు అమ్మా నేనూ అరవై నాలుగు మెట్లు బకెట్లతో ఎక్కడం, అమ్మ మోకాళ్ళు. తర్వాత, ఒకే ఒక్క సోమవారం మా కుళాయికి నీళ్ళొచ్చాయని రాశాను.

ఎలా వచ్చాయో నాలుగో పేరాలో ఉంది. అది నీకు తప్ప ఎవరికీ తెలియదు, అరవకు. మూడో అంతస్తులో ఉండే మా అపార్ట్‌మెంటు సెక్రటరీ ఆ రోజు పంపు గది తాళం వేయడం మర్చిపోయాడు. నేను దూరి, చేతికి అందిన వాల్వులన్నీ తిప్పేశాను. మా ఇంట్లో నీళ్ళు, సెక్రటరీ ముఖం నిండా సబ్బు! కళ్ళు మూసుకుని తువ్వాలుతో మెట్ల మీదకొచ్చి ప్లంబర్ని తిట్టాడు. పాపం ప్లంబరు ఆ రోజు ఊళ్ళోనే లేడు. మర్నాటికి అన్నీ మామూలే. ఏది తిప్పితే ఏమైందో ఈనాటికీ నాకు తెలియదు, అది తెలుసుకోవడానికే చదవాలనుకున్నాను. మామయ్యా, ఈ వ్యాసంలో నిజంగా నాది అన్నది ఆ పేరా ఒక్కటే. తప్పులుంటే దిద్ది పంపు, గడువు శుక్రవారం.

ఇట్లు,
మెట్లెక్కి మెట్లెక్కి అరిగిపోయిన నీ మేనకోడలు

తా.క.: సెక్రటరీకి ఇప్పటికీ నిమ్మకాయ సబ్బు వాసనంటే పడదు.

*

అమ్మడుకి దీవెనలు.

వ్యాసం బాగుంది. నాలుగో పేరా కొట్టేశాను. ఎందుకో నీకు ముందే చెప్పాను. ఆ సోమవారం నీళ్ళొచ్చాయని ఉండనీ, ఎలా వచ్చాయో కాగితం మీద పెట్టకు. పని చాలా ఉంది, ఇంతకంటే రాయలేను.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: ఇవాళ ఒకాయన పళ్ళసెట్టు కోసం వచ్చాడు. గుర్తులు చెప్పమంటే చెప్పలేదు, తీసి పెట్టుకుని చూపించాడు. సరిపోయింది. పాపం, అది ఆయనది కాదు.

*

మామయ్యకి,

నమస్కారాలు పెట్టే ఓపిక లేదు. నేను పంపు గదిలో దూరానని సిగ్గుపడి ఆ పేరా కొట్టేశావు కదూ? దొంగపిల్ల అనుకున్నావు కదూ? అన్నీ నిజం చెబుదామనుకున్న ఒక్కగానొక్క మనిషివి. నేను మళ్ళీ రాసుకునేలోపు నాన్న నీ ప్రతినే టైపు చేసి పోస్టులో వేసేశారు.

అది చాలదన్నట్టు, నాన్న నా వ్యాసాన్ని షాపు అద్దానికి అంటించారు, ‘మా అమ్మాయి రాసింది’ అని. వచ్చిన పిల్లలందరూ కాపీ అడిగారు. ఇచ్చారు! ‘కాపీ అడిగితే లేదనడం నా చేత కాదమ్మా’ అంటున్నారు. కాలేజీ నుంచి నిన్న ఉత్తరం వచ్చింది. అదే వ్యాసం, అక్షరం పొల్లు పోకుండా, పదకొండు మంది పేర్ల మీద వెళ్ళిందట. అందరం బుధవారం వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. అందరూ తమదే అంటున్నారు. ఇక నాకు మిగిలింది స్టూలే.

ఇట్లు,
పదకొండు మందిలో ఒకతె

తా.క.: వాళ్ళలో ఒకడి ఇంటికి మేడే లేదు.

*

అమ్మడుకి కోటి దీవెనలు.

ఏడవకు. నేను సిగ్గుపడలేదు. సెక్రటరీ సబ్బు సంగతి చదివి నవ్వితే కిటికీ దగ్గర వరసలో ఉన్నవాళ్ళు భయపడ్డారు. నా మొదటి ఉత్తరం తాజాకలం మళ్ళీ చదువు. ఒక గొడుగు, పదకొండు మంది. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే.

ఆ సోమవారం నీళ్ళెలా వచ్చాయని అందర్నీ అడగమను. నువ్వు చివర్న చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: బావగారిని షాపు అద్దం తుడిచేయమను.

*

మా మామయ్యకి వెయ్యి నమస్కారాలు.

బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో పెద్ద మేడమ్, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నీకంటే అలసటగా ఉన్నారు. నువ్వు చెప్పినట్టే అడగమన్నాను. ఒకడు వాన పడిందన్నాడు. ఒకమ్మాయి కొత్త మోటారంది. మేడ లేనివాడు ‘మర్చిపోయానండీ’ అన్నాడు. నా వంతు వచ్చింది. తాళం, వాల్వులు, సబ్బు, తువ్వాలు, అన్నీ చెప్పేశాను. మేడమ్ గడ్డం కింద నుంచి చెయ్యి తీశారు.

‘కథలు ఎవరైనా చెబుతారు, రుజువేదమ్మా?’ అన్నారు. సెక్రటరీ నంబరు ఇచ్చాను. ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా చేశారు. సబ్బు అన్న మాట వినగానే ఆయన ఒక్క అరుపు అరిచాడు: ‘ఆ పిల్లేనా? మూడో అంతస్తుది మూసేస్తే మూసేసింది, ఆరేళ్ళ కిందట నేను బిగించి పెట్టిన నాలుగో అంతస్తు వాల్వు తెరవమని దాన్నెవరు అడిగారు?’

ఏమన్నాడో అప్పుడు అర్థమైనట్టుంది, టక్కున ఫోను పెట్టేశాడు.

సీటు ఇచ్చారు మామయ్యా. నీళ్ళు నాలుగో అంతస్తు ఎందుకు ఎక్కడం లేదో తెలుసుకోవడానికే చదువుతానన్నాను కదా, అది ఇప్పుడు తెలిసిపోయిందే అన్నాను. ‘నీళ్ళ సంగతి మేము నేర్పుతాం. సెక్రటరీల సంగతి మాకూ ఇంకా అంతు పట్టలేదు’ అన్నారు మేడమ్.

నీ మీద అరిచినందుకు క్షమించు. నా దగ్గర ఉన్న ఒక్కదాన్నీ నువ్వు కొట్టేశావనుకున్నాను. నాకోసం దాచిపెట్టావని తెలియలేదు.

ఇట్లు,
ఎవరిదో తేలిపోయిన నీ మేనకోడలు

తా.క.: సాయంత్రం సెక్రటరీ తలుపు కూడా తియ్యలేదు, పంపు గది తాళం చెవి గుమ్మం కింద నుంచి తోశాడు. నేను కిందికెళ్ళి వాల్వు తిప్పొచ్చాను. అమ్మ కుళాయి కింద బకెట్ పెట్టి అలాగే నిలబడిపోయింది. అది నిండి పొర్లి గది అంతా తడిసింది. అమ్మ కట్టెయ్యలేదు, కూర్చుని ఏడ్చింది. నాన్న షాపులోంచి పరుగెత్తుకొచ్చారు, నీళ్ళు తుడవడానికి ఇంకేదీ దొరక్క, నా స్టూలు మీద మెత్త పట్టుకుని.