ఎడమకు వాలిన తెర

పద్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రాయచోటిలో మన డీటీపీ అంగడికి ఆపరేటరు దొరికాడు. ఖాదర్ అని, నా ఈడువాడే. పెళ్లిపత్రికలు టైపు చేయడానికి పొద్దున నీ కుర్చీలో కూర్చున్నాడు.

ఇన్నాళ్లూ బిల్లులు రాసుకోవడానికి నీ పాత డబ్బా మానిటర్‌ను రిజల్యూషన్ తగ్గించి, పెద్ద అక్షరాలతోనే వాడాను. పత్రిక మొత్తం ఒకేసారి కనపడాలని ఖాదర్ రిజల్యూషన్‌ను మళ్లీ నువ్వు వాడినంతకు పెంచాడు. తెర ఒక్క క్షణం నల్లబడింది, లోపల టక్కుమంది. తిరిగి వచ్చిన బొమ్మ ఎడమవైపు కిందికి వాలి ఉంది.

“ఏందన్నా, ఇంత వంకరగా ఉండాది?” అన్నాడు తెర అద్దానికి స్కేలు ఆనించి చూస్తూ.

చిన్నప్పటి నుంచీ నీ మెడ ఎడమకు వాలి ఉండేది కదా. నీ చూపుకు గీతలు తిన్నగా కనపడాలని మానిటర్ మెనూలో బొమ్మను వాల్చుకున్నావు. ఒక్కో రిజల్యూషన్‌కు చేసిన సర్దుబాటును మానిటర్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుందట. నీది ఏడాదిగా దాని లోపల అట్లాగే ఉంది. ఖాదర్ సరిచేయబోతే నేనే ఆపాను. ఈ ఒక్కరోజుకు ఉండనివ్వమన్నాను.

సాయంత్రం టీ తెచ్చిచ్చి, “ఇంక సరిచేసుకో ఖాదరూ” అన్నాను.

“సరిగ్గానే ఉండాది గదన్నా,” అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

స్కేలు పెట్టి చూశాను. గీత పొద్దున ఎంత వాలి ఉందో అంతే వాలి ఉంది. ఖాదర్ తల ఎడమ భుజం మీదికి ఒరిగి ఉంది. అచ్చం నీలాగే, ఎడమ చేత్తో మెడ నొక్కుకుంటున్నాడు.

స్కేలు సొరుగులో దాచేశాను పద్మా.