టాపు లేని కారు

ఆగస్టు 3, ఆదివారం

మా ఆయనకి కారు పిచ్చి మళ్ళీ ముదిరింది. పొద్దున్నుంచీ సోఫాలో పడుకుని యూట్యూబ్ చూస్తున్నాడు. హాట్ హ్యాచ్ మంచిదా, కన్వర్టిబుల్ మంచిదా, రోజూ తిరగడానికి? డైలీ డ్రైవింగ్, డైలీ డ్రైవింగ్ అని ఒకటే పాట. ఇప్పుడు ఇంట్లో ఉన్నది హాట్ హ్యాచ్. ఎర్రది. చూడ్డానికి చిన్న కారే, యాక్సిలరేటరు నొక్కితే హైవే మీద లారీలన్నీ వెనక్కి పోతాయి. అది చాలదని టాపు లేని స్పోర్ట్స్ కారు, అదే కన్వర్టిబుల్, తెస్తాడట. విశాఖపట్నంలో ఎవరో అమ్ముతున్నారట. నీలం రంగుదట.

మా తరుణ్‌బాబుగారికి డైలీ అంటే ఏం తెలుసు? మా జీడి ఫ్యాక్టరీ ఇంటి పక్కనే. నడిచి వెళ్తే చెప్పులు కూడా అరగవు. ఎర్రకారుని రోజూ తిప్పేది నేను. మంగళ, గురు, శనివారాలు మా పుట్టిల్లు జలంత్రకోట వెళ్ళి, అన్నయ్యనీ వదిననీ ఎక్కించుకుని, పలాసలో డయాలసిస్ చేయించి, మళ్ళీ వాళ్ళ గుమ్మంలో దింపి వస్తాను. ఆయన ఫ్రెండ్సుని అడిగాడు. మెకానిక్‌ని అడిగాడు. చివరికి ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ని కూడా అడిగాడు. నన్ను తప్ప.

ఆగస్టు 5, మంగళవారం, మధ్యాహ్నం

వార్డు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపల అన్నయ్య. ముప్ఫై ఎనిమిదేళ్ళకే కిడ్నీలు రెండూ పోయాయి. ఉద్దానంలో ఇది ఎవరికీ వింత కాదు. యువరాజు అని పేరు పెట్టుకున్నాం, రాజ్యం ఈ మంచం.

ఎవరూ అడగలేదు కాబట్టి నాకు నేనే చెప్పుకుంటాను. హాట్ హ్యాచ్‌కి నాలుగు తలుపులు. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతే అన్నయ్య వెనక సీట్లో వదిన ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటాడు. డిక్కీలో దుప్పటి, వాంతికి బేసిన్, మందుల సంచీ, ఒక్కోసారి మా తోట జీడిపిక్కల బస్తా కూడా పడుతుంది. అద్దాలకి నల్ల ఫిల్మ్ ఉంది కాబట్టి ఎండ తగలదు. సస్పెన్షన్ మాత్రం గట్టి. ప్రతి స్పీడ్‌బ్రేకరుకీ అన్నయ్య అమ్మా అంటాడు. నేను సారీ అంటాను. నీ తప్పేటమ్మా, జర్మనీ వోడికి మన హరిపురం రోడ్డు తెలీదు కదా అని నవ్వుతాడు.

కన్వర్టిబుల్‌కి ఏముంది? రెండు తలుపులు, గుడ్డ కప్పు. డిక్కీలో ఒక పెళ్ళి చీర పెట్టొచ్చు.

ఆగస్టు 10, ఆదివారం

ఈ రోజు నన్ను కూడా అడిగాడు! భోజనాల దగ్గర, అత్త ముందరే. రెండే సీట్లు, నువ్వూ నేనూ అంతే, బారువ బీచికి ఎల్దాం, టాపు తీసేసి, అన్నాడు. ఆరేళ్ళ కాపురంలో అలాంటి మాట ఎప్పుడన్నాడు గనక. మీ ఇష్టం, బాగుంటుంది అనేశాను. ఎర్రకారు ఎలాగూ ఉంటుంది కదా అనుకున్నాను. అత్త కమలకుమారి నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది. ఆవిడ అలా వెయ్యదు.

ఆగస్టు 29, శుక్రవారం

నీలం కారు వచ్చింది. గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. కాశీబుగ్గ సగం మా గేటు దగ్గరే ఉంది. పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిత్తారేటి బాబూ అని ఒక ముసలాయన అడిగాడు. మా ఆయన మొహం మాడిపోయింది. నాకు మాత్రం కడుపు నిండా నవ్వొచ్చింది.

తర్వాత వెనక పెరట్లోకి వెళ్తే ఎర్రకారు లేదు. ఎక్స్‌చేంజ్‌లో పోయిందట. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదట. రేపు శనివారం కదా, అన్నయ్య సంగతి ఏమిటి అన్నాను. ఆటో మాట్టాడేసేం, డబ్బులు మేమే ఇత్తాం, నువ్వు బెంగ పెట్టుకోకు అంది అత్త. అంటే ఆవిడకి ముందే తెలుసు. ఆటో కూడా ముందే మాట్లాడారు.

నీలం కారు నేను నడుపుతానన్నాను. అది నీ వల్ల కాదు అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

సెప్టెంబర్ 6, శనివారం

ఆటోలో అన్నయ్య రెండుసార్లు వాంతి చేసుకున్నాడని వదిన ఫోన్. బారువ బీచి ఇంకా చూడలేదు.

సెప్టెంబర్ 11, గురువారం

ఇవాళ ప్రియ నా గదికి వచ్చి తలుపు వేసింది. నా ఆడపడుచు, ఇరవై నాలుగేళ్ళ గుంట, అబద్ధం చెప్పడం చేతకాదు. ఏటీ అనుకోకు వదినా, నాకు దాసడం రాదు అంది.

దానికి టెక్కలి సంబంధం చూస్తున్నారు. పెళ్ళికొడుకు మేనత్త పలాసలోనే ఉంటుంది. ఎర్రకారు డయాలసిస్ దగ్గర రోజు విడిచి రోజు ఆగి ఉండటం ఆవిడ చూసింది. మీ ఇంట్లో ఎవలికమ్మా ఆ జబ్బు అని అత్తని అడిగింది. మా ఇంట్లో ఎవలికీ లేదు, మా డ్రైవరు తాలూకు మనుషులు ఎవలో అయ్యుంటారు అని అత్త చెప్పిందట.

మాకు డ్రైవరు లేడు. ఉన్నది నేను.

కోడలి అన్నకి జబ్బు ఉంటే ఈ పిల్లకి ఎలా వస్తుంది? అది ఎవరూ అడగరు. ఉద్దానం కిడ్నీ అన్న మాట వినపడితే చాలు, సంబంధం వాళ్ళు కాఫీ తాగకుండా లేచిపోతారు. అందుకని కారు మార్చారు. టార్కు, మైలేజీ, యూట్యూబ్, అంతా నాటకం. రోగినీ, రోగి పెళ్ళాన్నీ ఎక్కించుకోలేని కారు కావాలి, అంతే. దానికి నా చేత కూడా బాగుంటుంది అనిపించాడు. నువ్వూ నేనూ అంట! ఛీ.

ఆయన్ని అడిగాను. కాదనలేదు. సెల్లి పెళ్ళయ్యేదాకా ఓపిక పట్టు, ఆటో పెట్టేం కదా, ఇంకేటి సెయ్యమంటావు అన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అంటారు. ఇది ఎవరి కడుపు, ఎవరి కాళ్ళు?

సెప్టెంబర్ 16, మంగళవారం

పొద్దున్నుంచీ వాన. ఆటో రాలేదు. ఆటోవాడు ఫోన్ ఎత్తలేదు. నీలం కారు తాళంచెవి ఇవ్వమని మా ఆయన్ని అడిగాను. గుడ్డ టాపు తడిసిపోతుంది, గోతుల్లో కింద తగులుతుంది అన్నాడు. వదిన ఇంకో బండి కోసం జంక్షన్ దాకా పరిగెత్తి, అది దొరికి పలాస చేరేసరికి స్లాటు పోయింది. మంచాలన్నీ నిండిపోయాయి, ఇక గురువారమే.

సెప్టెంబర్ 17, బుధవారం

అన్నయ్యకి కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఆయాసం, కూర్చునే ఉన్నాడట. ఫోన్లో ఊపిరే వినపడింది, మాట వినపడలేదు.

సెప్టెంబర్ 18, గురువారం

ఆయన స్నానానికి వెళ్ళాడు. ప్యాంటు మేకుకి ఉంది. తాళంచెవి తీశాను. దొంగతనం అంటే అననీ.

నా వల్ల కాదట! హైవే ఎక్కాక అదీ కారే కదా అనిపించింది. జలంత్రకోట ఇంటి ముందు ఆపితే వదిన ఓలమ్మో అని నోరు నొక్కుకుంది. తిప్పలు అక్కడ మొదలయ్యాయి. ఆ సీటు నేలకి జానెడెత్తులో ఉంది. ఉబ్బిన కాళ్ళతో మనిషి దాని లోపలికి వంగడం ఎలాగ? టాపు తీసేసి, నేనూ వదినా చెరో వైపు పట్టుకుని, పసిపిల్లాణ్ణి తొట్టిలో వేసినట్టు దించాం. వదినకి చోటు లేదు. నాను బస్సుకి వత్తాను, మీరు బేగి ఎల్లండి అంది.

టాపు వేద్దామని బటన్ మీద చెయ్యి పెట్టాను. వద్దమ్మా, గాలి ఆడతంది అన్నాడు అన్నయ్య. సరేనని అలాగే బయల్దేరాను. దారిలో పిల్లలు పెళ్ళికారు పెళ్ళికారు అని వెంట పరిగెత్తారు. అన్నయ్య వాళ్ళకి చెయ్యి ఊపాడు. ఆయాసంలో కూడా.

కాశీబుగ్గలోకి రాగానే తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. ఎందుకది, తియ్యి, నువ్వేమైనా దొంగతనం చేశావా అని అరిచాను. నాకేటమ్మా, నీ కాపురం గురించి అన్నాడు. అంటే కారు ఎందుకు మార్చారో అన్నయ్యకీ తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. ఆటోలో వాంతులు చేసుకుంటూ కూడా నాకు చెప్పలేదు.

ట్రాఫిక్‌లో ఆగాం. బజారంతా మావైపే చూస్తోంది. నాకు తెలిసిన చీరల కొట్టువాడు, అత్త స్నేహితురాలు, ఫ్యాక్టరీకి వెళ్తున్న ఆడవాళ్ళు. బటన్ నా చేతి కిందే ఉంది. అన్నయ్యకి గాలి ఆడుతోంది. నొక్కలేదు. చెయ్యి చాచి వాడి మొహం మీద తువ్వాలు నేనే లాగేశాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

టాపు ఎందుకు వెయ్యలేదు? నిన్న సాయంత్రం నుంచి ఇంట్లో అందరిదీ ఇదే ప్రశ్న. తాళంచెవి ఎందుకు తీశావని కూడా కాదు. డయాలసిస్ అయ్యాక యువరాజు ఎలా ఉన్నాడని అసలే కాదు.

టెక్కలి వాళ్ళు ఫోన్ చేశారు. జాతకాలు కుదరలేదట. నెల క్రితం పంతులుగారు భేషుగ్గా కుదిరాయన్న జాతకాలే. అత్త నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఒక ఆడపిల్ల ఉసురు పోసుకున్నావు, నీకు మంచి జరగదు అంది. ప్రియ ఏం పాపం చేసింది? నాకు నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి, దాని పెళ్ళే చెడింది. గదిలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. నా చెయ్యి తోసెయ్యలేదు. అది ఇంకా బాధగా ఉంది.

అయినా ఇంకోసారి అదే జరిగితే అప్పుడూ టాపు బటన్ నొక్కను. ఆ మాట ప్రియతో అనలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను.

సెప్టెంబర్ 20, శనివారం

తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది, నీలం కారులోనే తీసుకెళ్ళాను. డయాలసిస్ అయింది. అన్నయ్యని దింపాను. నేను కూడా అక్కడే దిగిపోయాను.

సెప్టెంబర్ 22, సోమవారం

ఆయన ఫోన్ చేశాడు. నేను పుట్టింటికి వచ్చాక ఇదే మొదటిది. కారు కొబ్బరిచెట్టు కింద పెట్టేవేటి అని అడిగాడు. అవునన్నాను. కాయ పడితే గుడ్డ టాపు సిరిగిపోద్ది, బేగి తీసెయ్ అన్నాడు.

ఆ చెట్టు కిందే మంచం వేసుకుని అన్నయ్య పడుకుంటాడు. పక్కన చాప మీద వదినా నేనూ ఉంటాం. చెప్పాను. ఊఁ అన్నాడు. కారు తీసేవా మరి అని మళ్ళీ అడిగాడు.