ఇల్లు యాడుండాదని అడిగాడక్కా

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇంట్లో నేనూ మగ్గమూ మిగిలాం. ఉండబట్టలేక ఫోన్‌లో పెళ్లి సంబంధాల యాప్‌లో చేరాను. గోరంట్ల వైపు ఒకాయన మూడు నెలలుగా మర్యాదగా మాట్లాడాడు. రోజూ తిన్నావా అని అడిగేది ఆయనొక్కడే.

ఈ మధ్యాహ్నం ధర్మవరం బస్టాండు దగ్గరి హోటల్లో కలిశాం. జనం ఉంటారని నేనే అక్కడికి రమ్మన్నాను. ఎక్కడికి పోతున్నానో చెప్పడానికి ఎవరూ లేక, ఆయన పేరు, నంబరు చీటీలో రాసి మగ్గం మీద పెట్టి వెళ్లాను.

కాఫీ రాకముందే అడిగాడు. "మీ ఇల్లు యాడుండాది? పదా, బండిమీద దింపుతా."

"ఇల్లు ఇప్పుడే చెప్పను," అన్నాను.

"నమ్మకం లేకుంటే ఏల వచ్చినావు?" అని అరిచి బయటికి నడిచాడు. కానీ వెళ్లిపోలేదు. ఎదురుగా బండిమీద కూర్చుని నా కోసం కాచుకున్నాడు.

హోటలామె అది చూసింది. "ఈడే కూచోమ్మా. వాడు పోయినాకే నువ్వు పోదువు," అంది. గంటకు పైగా కూర్చున్నాను. చివరికి ఆయన బండి పోయాక ఆమే ఆటో ఎక్కించింది.

తలుపు గడియ పెట్టాక, ఇల్లు చేరానని ఎవరికైనా చెప్పాలనిపించింది. నీ నంబరుకే వాట్సాప్ మెసేజ్ పెట్టాను.

ఒక్క టిక్కే పడింది.